మేనమామ కుట్టిన నలుపు

పోయిన నెల రెహానా మా ఇంటికి వచ్చింది. షార్జాలో ఒక బడిలో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతుంది. సెలవులకు రాయచోటి వచ్చి, కడపలో ఉన్న మమ్మల్ని కూడా ఒకసారి చూసిపోదామని బస్సెక్కింది. బిస్కెట్ రంగు చుడీదారు, తెల్లబడుతున్న జుట్టుకు గోరింట, చేతిలో ఖర్జూరాల డబ్బా. ఆమె కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే మా అమ్మాయి, ఎన్నాళ్ళ నుంచి దాచుకుందో, అడిగేసింది: "అత్తా, నువ్వు చిన్నప్పుడు నల్లబట్టలు ఏసుకోని సైతానును పూజించేదానివంట గదా, నిజమేనా?" రెహానా నోరు తెరిచేలోపల నేనే అందుకున్నాను. సైతాను కాదు, పూజా కాదు, అసలది మతమే కాదు, గోత్ అనేది ఒక రకం సంగీతం చుట్టూ చేరిన పిల్లల అలవాటు అని మొదలుపెట్టి, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పేసరికి టీ చల్లారిపోయింది. అంతా విని రెహానా మా అమ్మాయి గడ్డం పట్టుకుని, "చూసినావా పాపా, ఇన్నేండ్లయినా నా సంగతి మా వదినే జెప్పాల. నాకేం తెలుసు పాపం" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, వంటింట్లోకి పోయి అన్నం గిన్నె మీద మూత కొంచెం గట్టిగానే పెట్టాను. నలభై దాటిన మనిషిని, లైబ్రరీల్లో సగం జీవితం గడిపినదాన్ని, ఒక్క మాటతో మళ్ళీ దుబాయ్ సత్వా పేటలోని పదిహేడేళ్ళ పిల్లను చేసేసింది.

మా అమ్మ పోయిన ఏడాది నాయన నన్ను దుబాయ్ తెచ్చుకున్నాడు. సత్వాలో ఆయనకు బట్టలు కుట్టే దుకాణం, అర్బాబు, అంటే పూచీ ఉండే అక్కడి అరబ్బు, పేరు మీద ఉండేది. మేముండే ఇల్లు పాత విల్లా. ఒకప్పుడు ఏదో ఒక్క కుటుంబం కోసం కట్టినదాన్ని ప్లైవుడ్ చెక్కలతో గదులు గదులుగా విడగొట్టి మా బోటివాళ్ళకు అద్దెకిచ్చారు. చెక్కకు ఇవతల మేము దగ్గితే అవతల వాళ్ళు మంచినీళ్ళు కావాలా అని అడిగేవాళ్ళు. వంటిల్లు అందరికీ ఒకటే. పొద్దున ఫజర్ నమాజు కాగానే నాయన అందులో టీ పెట్టుకునేవాడు, ఏలకులు దంచి వేసి, చిక్కగా. ఆ వాసన తర్వాత పక్క గదిలో ఉండే సత్యవతక్క పోపు వాసన వచ్చేది. రాజోలు వైపు మనిషి. నాలుగిళ్ళల్లో వంటా పనీ చేసుకునేది. ఆమె ఎండుచేపలు వేయించిన రోజు మాత్రం విల్లా అంతా కిటికీలు తెరుచుకునేది. తర్వాత నాయన దుకాణం తెరిచేవాడు. అక్కడ వాసన వేరు. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు లేచే ఆవిరి, మిషన్ నూనె, కొత్త బట్ట గంజి. ఆడవాళ్ళు బట్టల మీద తొడుక్కునే అబాయాలు కుట్టే దుకాణం గనక లోపల ఉండేది ఒకటే రంగు. గోడ నిండా నలుపు తానులు. ఎండలో నుంచి లోపలికి అడుగుపెడితే కాసేపు ఏమీ కనిపించేది కాదు. ఆ నలుపులో నుంచి నాయన గొంతు మాత్రం వినిపించేది: "చెప్పులు ఆడనే ఇడువమ్మా, దారాలు అంటుకుంటాయి."

నేను పదో తరగతి ఊళ్ళోనే అవగొట్టుకుని వచ్చాను. అక్కడ ఏ బడిలోనూ సీటు దొరకలేదు. ఏడ్చి ఊరుకోకుండా నేను చేసిన పని ఒకటుంది, అది చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గులేదు. ఊరి మధ్య క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న సర్కారీ లైబ్రరీకి బస్సులో పోవడం నేర్చుకున్నాను. అక్కడ ఒక సూడానీ ఆవిడ కూర్చునేది. మొదటిరోజు ఏం కావాలని అడిగితే నాకు ఇంగ్లీషు రాక డిక్షనరీ వైపు వేలు చూపించాను. ఆ డిక్షనరీ పక్కన పెట్టుకుని, పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టి, చరిత్రల దాకా వచ్చాను. రోమ్ నగరం ఎట్లా పడిపోయిందో, తిమింగలం ఎట్లా ఊపిరి పీలుస్తుందో, గాజు ఎట్లా చేస్తారో, అన్నీ చదివాను. ఎవరూ ఏదీ చదవమని చెప్పేవాళ్ళు లేరు గనక ఏది పడితే అది చదివాను. సాయంత్రం దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఆ రోజు చదివినదంతా నాయనకు చెప్పేదాన్ని. ఆయన మిషన్ తొక్కుతూ "ఊ" అనేవాడు. మంచి ఊ. కానీ నేను ఆపితే ఆయనా ఆపేవాడు. ఇంకా చెప్పు అని ఏనాడూ అడగలేదు.

రెహానా మా అత్త కూతురు, నాకంటే ఏడాది చిన్నది. అక్కడే పుట్టి అక్కడే పెరిగింది. వాళ్ళు కరామాలో సొంతంగా ఒక ఫ్లాటులో ఉండేవాళ్ళు. ఆమె నాయన ఖాదర్ మామ ఒక కంపెనీలో మందూబ్, అంటే ఆఫీసుల చుట్టూ వీసా కాగితాలు తిప్పే మనిషి. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక వాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను వచ్చిన కొత్తలో రెహానా గులాబీ రంగు క్లిప్పులు పెట్టుకుని తిరిగేది. ఒక వేసవి తర్వాత చూస్తే క్లిప్పులు పోయాయి. కళ్ళ చుట్టూ మందంగా కాటుక, గోళ్ళకు నలుపు, చేతికి చేపలవల లాంటి తొడుగు. బళ్ళో ఎవరో సీడీ కాపీ చేసి ఇచ్చారట. ఆ పాటలు విని ఆమె, ఇంకో ఆరేడుగురు కలిసి ఒక గుంపు అయ్యారు. శుక్రవారం సాయంత్రాలు సముద్రపు ఒడ్డున నల్లబట్టల్లో కూర్చుని షవర్మాలు తినడం వాళ్ళు చేసే ఘోరం. అంతకుమించి నాకేమీ కనిపించలేదు. సగం ఊరు నల్ల అబాయాల్లో తిరిగే చోట ఒక పిల్ల నల్లగా తయారైతే ఎవరికి పట్టింది అనుకోవచ్చు. నలుపుతో ఎవరికీ పేచీ లేదు. ఆ నలుపుకు అంచులు చిరిగి ఉండటమే అందరికీ కంట్లో నలుసైంది.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. మా గదికి వచ్చిన ప్రతి మనిషికీ ఒక ప్రశ్న. మీ ఇంట్లో ఎవరన్నా పోయినారా? ఇది ఏ మతం? రక్తం తాగుతారంట గదా? శ్మశానాల్లో పడుకుంటారంటనే? ఎప్పుడూ ఏడుస్తుంటారా? చేతులు కోసుకుంటారా? ఆ పిల్లకు గాలి సోకలేదు గదా, తాయెత్తు కట్టించకూడదా? రెహానా ఏదో ఒకటి చెప్పేది. రక్తం తాగుతారా అని అడిగిన ఒకామెకు, "ఏడిగా ఉంటే తాగం పిన్నమ్మా, చల్లగా ఉంటే తాగుతాం" అంది. ఆమె పాపం ఆ రాత్రి మాయింట్లో నీళ్ళు కూడా ముట్టలేదు. నేను మాత్రం లైబ్రరీకి పోయి ఆ విషయం పట్టుకుని కూర్చున్నాను. పుస్తకాల్లో కొంత దొరికింది, అక్కడి కంప్యూటర్లో మిగతాది. గోత్‌లు అనే పాత జాతి ఒకటి రోమ్ మీద పడ్డదని, ఎన్నో వందల ఏండ్ల తర్వాత మొనదేలిన తోరణాలతో కట్టిన చర్చీలను మోటుగా ఉన్నాయని వెక్కిరించడానికి వాళ్ళ పేరు పెట్టారని, ఆ తర్వాత పాడుబడ్డ కోటల్లో దయ్యాల కథలకు ఆ పేరు వచ్చిందని, చివరకు ఇంగ్లండులో కొందరు పాటగాళ్ళకు తగులుకుందని. ఈ పిల్లల్లో నమాజు చేసేవాళ్ళూ ఉంటారు, చర్చికి పోయేవాళ్ళూ ఉంటారు. చీకటిలో కూడా అందం ఉంటుందని అనుకోవడమే వాళ్ళ నేరం. ఇవన్నీ రెహానాకు తెలియవు. ఒకరోజు చెప్పబోతే, "అవునా వదినా? రోమ్ అంటే ఇటలీలోదేనా?" అని గోళ్ళకు రంగు వేసుకుంటూ అడిగింది. తెలిసినదాన్ని నేను. అడిగేది మాత్రం ఆమెను.

ఆ ప్రశ్నల్లో ఒకటి నన్ను మరీ కాల్చేది. ఎవరన్నా పోయినారా అని రెహానాను అడిగేవాళ్ళు. ఆమె అమ్మ పక్కనే కూర్చుని వక్కలు కత్తిరించుకుంటూ ఉండేది. నిజంగా పోయింది మా అమ్మ. నేను పసుపు పూల చుడీదారు వేసుకుని వాళ్ళకు టీ అందిస్తుండేదాన్ని. నన్నెవరూ అడగలేదు.

ఇవన్నీ ఓర్చుకునేదాన్నేమో గానీ, ఆ నల్లబట్టలు కుట్టేది మా నాయన. అది ఓర్చుకోలేకపోయాను. మా ఇళ్ళల్లో మేనకోడలికి మేనమామ బట్టలు పెట్టడం ఆనవాయితీ. పెద్దమనిషి అయినప్పుడు, పండక్కి, నిశ్చయానికి, అన్నిటికీ ముందు మేనమామ బట్టలే ఒంటి మీద పడాలి. నాకు రాయచోటిలో ముగ్గురు మేనమామలు ఉన్నారు. అమ్మ పోయాక వాళ్ళ చేతి నూలుపోగైనా నాకు రాలేదు. రెహానాకు ఉన్నది ఒక్కడే మేనమామ, మా నాయన. ఆయనకు చేతిలో కత్తెర, గోడ నిండా నలుపు. శుక్రవారం సెలవు పూట కూడా ఆయన దుకాణం షట్టరు సగం ఎత్తి ఆమె నల్లకోటు కుట్టడానికి కూర్చునేవాడు.

"మామా, ఈడ చినిగినట్టుండాల," అనేది రెహానా మోచెయ్యి చూపించి.

"చినిగినట్టు కుట్టాల్నా? చినిగింది కుట్టమని వొస్తారు గానీ, చినిగేట్టు కుట్టమని ఇంతవరకు ఎవరూ రాల్యా."

"ఇప్పుడు నేనొచ్చినా గదా."

"చేతులేంటికి ఇంత పొడుగు? అన్నం తినేటప్పుడు పులుసులో మునుగుతాయి."

"గోత్‌లు పులుసు తినరు మామా."

"అందుకే మొగాలు అట్ల పాలిపోయుండాయి."

"తింటారు నాయనా," అనేదాన్ని నేను స్టూలు మీద నుంచి. "అందరి మాదిరే తింటారు. అదొక అపోహ. పుస్తకంలో ఏముందంటే..."

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగి, మర్యాదగా ఆగి, నేను చెప్పింది విని, మళ్ళీ ఆ చెయ్యి పొడుగు దగ్గరికే పోయేవాళ్ళు. నాయన ఆమెతో పోట్లాడేవాడు. ఈ లేసు వద్దు, గజ్జెల మాదిరుంది అనేవాడు. కావాల అనేది ఆమె. కుట్టు విప్పి మళ్ళీ కుట్టేవాడు. ఏళ్ళ తరబడి నిలువు సంచుల్లాంటి అబాయాలు కుట్టి కుట్టి ఉన్న మనిషి, ఆ కోటు కుట్టేటప్పుడు పాట కూనిరాగం తీశాడు. అంతకుముందు ఆయన పాడగా నేను వినలేదు. నా చుడీదార్లు కూడా ఆయనే కుట్టేవాడు. పాత జత కొలతగా పెట్టి, చక్కగా, ఒక్క మాటా లేకుండా.

ఆ చలికాలంలో సత్యవతక్క చేసిన పొరపాటు ఒకటుంది. రెహానా గుంపులో గోవా కుర్రాడొకడు, జోయెల్ అని. సన్నగా, గడ్డం పెంచుకుని, నోరు మెదపని మనిషి. కోటు చేతులు కురచ చేయించుకుందామని రెహానాతో పాటు శుక్రవారం మధ్యాహ్నం మా విల్లాకు వచ్చాడు. నల్లచొక్కా, నల్ల ప్యాంటు, మెడలో పూసల దండ. వాకిట్లో బట్టలు ఆరేస్తున్న సత్యవతక్క అతన్ని చూసి తడిచేతులు చీరకు తుడుచుకుని రెండు చేతులూ జోడించింది. "స్వామియే శరణం అయ్యప్ప. రండి స్వామీ, రండి. ఈ దేశంలో ఇంత నిష్ఠగా మాల వేసుకున్నవారిని ఇదే చూడటం."

జోయెల్ కూడా చేతులు జోడించాడు. వేరే ఏం చేయాలో అతనికి తెలియలేదు.

"భిక్ష అయిందా స్వామీ? ఏటమ్మా రెహానా, స్వామిని ఎండలో నిలబెట్టేశావు? బూట్లేంటండీ స్వామీ? పోన్లెండి, ఇసక కాలుద్ది ఇక్కడ, అయ్యప్పకి తెలీదా ఏంటి."

రెహానా దుపట్టా నోట్లో కుక్కుకుంది. ఆ పని నాకు తగినదని నేను ముందుకు వచ్చాను. "అక్కా, ఇతను స్వామి కాదు. గోవా క్రిస్టియన్. ఇది దీక్ష కాదు, గోత్ అని, ఇంగ్లండులో మొదలైన..."

"ఊరుకోమ్మా నువ్వు. మాల పడ్డాక కులమేంటి, మతమేంటి. అందరూ స్వాములే." అని నన్ను పక్కకు జరిపి, ఉల్లి వేయని పప్పు, పులిహోర, గుమ్మడికాయ కూర వడ్డించింది. అతను మూడుసార్లు పెట్టించుకున్నాడు. తల్లిదండ్రులిద్దరూ పనుల్లో ఉండి, అతను వారమంతా బ్రెడ్డు ముక్కలు తిని బతికే పిల్లవాడని తర్వాత తెలిసింది. మరుసటి శుక్రవారం కూడా వచ్చాడు. సంక్రాంతి దాటింది, మకరజ్యోతి అయిపోయింది, అతను నలుపు విప్పలేదు. "ఎంత దీక్షో ఆ బాబుది," అని సత్యవతక్క నాతో అంది, "మా ఊళ్ళో మగాళ్ళు నలభై రోజులు పూర్తవకుండానే సీసాలకేసి చూస్తారు." ఆమె పక్క గదిలో రెండేళ్ళుగా ఉన్నాను. ఆమె పులిహోర నాకు ఎప్పుడన్నా మిగిలితే వచ్చేది. నిజం చెప్పినందుకు నాకు దక్కింది, "ఊరుకోమ్మా నువ్వు."

వేసవి వస్తుండగా ఖాదర్ మామకు ఎవరో చెప్పారు. మీ పిల్ల సముద్రం దగ్గర సైతాను గుంపుతో కూర్చుంటాంది, ఈ దేశంలో పోలీసుల కంట పడితే నీ ఉద్యోగం కూడా ఖలాస్ అని. మామ మంచివాడే గానీ కాగితాల మనిషి. ఏదైనా ఒకసారి తప్పు అని నమోదైతే ఇక తుడవలేమనే భయం ఆయనది. పరీక్షలు కాగానే రెహానాను రాయచోటి పంపించేయాలని, అక్కడ నానమ్మ దగ్గర పెట్టి సంబంధాలు చూడాలని తేల్చేశాడు. ఆమెకు బడి ఇంకా ఏడాది ఉంది. చివరిమాటగా మేనమామకు చెప్పాలి గనక, శుక్రవారం జుమ్మా అయ్యాక అత్తను, రెహానాను తీసుకుని మా గదికి వచ్చాడు. ఆ శుక్రవారానికి ముందు వారమంతా నాకు నిద్రలో కూడా ఒకటే లెక్క. ఆమె పోతే శుక్రవారాలు నావి. ఆ స్టూలు, ఆ కూనిరాగం, ఆ పోట్లాట, అన్నీ నావి. అట్లా అనుకుని సంతోషించాను, తర్వాత ఆమె లేని దుకాణం ఊహించుకుంటే అక్కడ నాయన మళ్ళీ నిలువు సంచులు కుడుతూ కనిపించాడు.

అందరూ చాప మీద కూర్చున్నారు. అత్త కళ్ళొత్తుకుంటోంది. రెహానా ఆ చినిగిన చేతుల కోటులోనే వచ్చింది, మొండితనం. మామ చెప్పాల్సింది చెప్పాడు. నాయన చాప అంచు సరిచేసి, "బావా, నేను చదువుకున్నోన్ని కాదు. మా పాప ఈ సంగతంతా చదివింది. ఏందో ఏమో, ఆమెనడుగు" అన్నాడు.

రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. మామ ఒక్కొక్కటే అడిగాడు, నేను ఒక్కొక్కటే చెప్పాను. మతమా? కాదు మామా. మరి సైతాను? లేదు. మరి ఆ చావు గుర్తులు? పాత కథల నుంచి వచ్చినవి. ఎందుకట్ల దిగులుగా ఉంటారు? ఉండరు, దిగులును దాచుకోరు అంతే. రోమ్ చెప్పాను, చర్చీల తోరణాలు చెప్పాను, పాటలు చెప్పాను. మామ మొహంలో ఆశ్చర్యం కనిపించింది. నేను ఆపాక ఆయన రెహానా వైపు తిరిగి, "చూసినావా? బడికి పోని పిల్ల ఎట్ల జెప్తాందో? నిన్ను ఇంత పెద్ద బడిలో ఏసి ఏం లాభం?" అన్నాడు. తర్వాత నాయన వైపు తిరిగాడు. "బామ్మర్దీ, నేనేందో నలుగురు పిల్లోళ్ళ ఆటనుకున్న్యా. పాప జెప్పేది ఇంటే దేశదేశాలల్ల ఉండాదంట, వందల ఏండ్ల నుంచి ఉండాదంట. ఇంత పెద్ద యవ్వారమా ఇది? ఇంగ ఒక్కరోజు కూడా పెట్టగూడదు."

నేను చెప్పినదంతా సరైనదే. ఎంత వివరంగా చెబితే అది అంత పెద్దదై ఆయన ముందు కూర్చుంది.

"నువ్వు జెప్పు," అన్నాడు మామ కూతురితో. "ఏంటికేసుకుంటావు అవి?"

"నాకు బాగుంటాది నాయనా."

"అంతేనా?"

"అంతే."

చెక్క అవతల నుంచి అంతా వింటున్న సత్యవతక్క ఇక ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చింది. "మీరేం భయపడకండి బాబుగారూ. పిల్ల వెంట ఎప్పుడూ స్వామి ఉంటారండి."

"ఏ స్వామి?" అన్నాడు మామ.

నాయన మొహం తిప్పకుండా, "వాళ్ళ స్వామి బావా, మాల ఏసుకున్నాడు, ఈమె దగ్గర భోజనానికొస్తాడు" అన్నాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. సత్యవతక్క గర్వంగా తలూపి లోపలికి పోయింది. మామ ఇంకేదో అడగబోతుండగా నాయన, ఎప్పుడూ ఆయన ముందు గొంతెత్తని మనిషి, మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు.

"బావా, ఒక మాట. ఆ కోటు ఎవరు పెట్టినారు పిల్లకు? నేను. నువ్వు దుకాణంలో కొన్లేదు, దాని స్నేహితులు ఇయ్యల్యా. మేనమామ పెట్టిన బట్ట. మేనమామ పెట్టిన బట్టను ఒంటి మీద నుంచి తీపిచ్చే ఆనవాయితీ మన ఇండ్లల్లో యాడన్నా ఉంటే జెప్పు. నీ పెండ్లిలో మా అక్కకు మా మామ పెట్టిన చీర గుర్తుండాదా? ఆకుపచ్చ మీద ఆరంజి పూలు. చూసినోళ్ళంతా నవ్వినారు. నువ్వేమన్నా అన్యావా?"

అత్త ఏడుపులోనే నవ్వేసింది. "అనల్యా పాపం," అంది. "మూడు రోజులు కండ్లు మూసుకున్యాడు గానీ, అనల్యా."

మామ గడ్డం నిమురుకున్నాడు. రోమ్‌కు జవాబు చెప్పిన మనిషి ఆకుపచ్చ చీరకు లొంగిపోయాడు. ఆఖరికి, "ఆ కాటుకన్నా తగ్గించమను," అన్నాడు. జుమ్మాకని పెట్టుకున్న సుర్మా ఆయన కళ్ళల్లో కూతురి కాటుకకు ఏ మాత్రం తీసిపోకుండా ఉంది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యే లోపల ఇంటికి రావాలి అనే షరతు మీద రెహానా బడి నిలిచింది. ఆమె లేచి పోయి నాయన భుజం మీద తల పెట్టింది. నేను టీ గ్లాసులు తీశాను.

మరుసటి రోజు లైబ్రరీకి పోలేదు. పొద్దున్నే దుకాణానికి పోయి, నిలబడే, "నాకూ ఒకటి కుట్టు నాయనా" అన్నాను. గొంతులో కోపం ఉందేమో. ఆయన అది పట్టించుకోలేదు. మొహం విప్పారింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, స్టూలెక్కి, వెనక నుంచి నేనెప్పుడూ చూడని ఒక తాను దించాడు. దుకాణంలో ఇంకే నలుపూ అట్లా లేదు. చేత్తో పట్టుకుంటే నీళ్ళలాగా జారుతోంది. పాత జత కొలత అడగలేదు. టేపు తీసి భుజం నుంచి భుజానికి, మెడ నుంచి మోకాలికి కొలిచాడు. "ఎదిగినావు," అన్నాడు మెల్లిగా. చివరకు సుద్దముక్క చేతిలోకి తీసుకుని అడిగాడు: "జెప్పమ్మా. ఎట్ల గావల్ల?"

"నీ ఇష్టం నాయనా."

"నా ఇష్టమైతే నేనే ఏసుకుంటా. నీకెట్ల గావల్ల?"

"రెహానాది మాదిరి."

"అది రెహానాది."

అప్పుడు నాకు తెలిసినదంతా చెప్పాను. పాత కాలం కోట్లకు కాలరు ఎట్లా ఉండేదో, విధవ రాణులు ఏ లేసు వేసేవాళ్ళో, చేతుల అంచులు గంట ఆకారంలో ఎందుకు ఉండేవో. ఆయన సుద్దముక్క పట్టుకుని శ్రద్ధగా విన్నాడు. ఆ రోజు మాత్రం ఊ అనలేదు. "అవి పుస్తకంలో ఉండేటివి. బాగుండాయి. నీకెట్ల గావల్ల?" అన్నాడు మళ్ళీ. చెయ్యి పొడుగా కురచా, మెడ మూసుండాలా తెరిచుండాలా, ఒక్కటంటే ఒక్కటి తెలియలేదు. బయట రోడ్డు మీద ఎవరో యల్లా యల్లా, పద పద అని లారీ తోలుకుంటున్నారు. నాయన నా మొహం చూసి బట్ట మెల్లగా మడిచాడు. "తొందరేం ల్యా. కత్తెర పడినాక మళ్ళా అతకదు. తెలిసినప్పుడు జెప్పు." దాన్ని పై అరలో విడిగా పెట్టాడు.

ఇప్పుడు మా అమ్మాయికి ఏ ప్రశ్న వచ్చినా ఫోను చెబుతుంది, క్రీక్ దాకా బస్సు అక్కర్లేదు. కడపలో పిల్లలు పుర్రెల బొమ్మల నల్లచొక్కాలు వేసుకుని ట్యూషనుకు పోతున్నారు, ఎవరు పోయారని ఒక్కరూ అడగరు. బట్టలు తయారుగా వస్తున్నాయి. నచ్చకపోతే వాపసు పంపుతున్నారు. కుట్టేవాడితో పోట్లాడే పని లేదు. సత్వాలో మా విల్లాను పడగొట్టడానికని గోడ మీద రంగుతో నంబరు వేసి పోయిన తర్వాత ఎక్కువ కాలం ఉండలేదు మేము. నాయన ఊరికి తిరిగొచ్చి, ఆ మిషన్ ముందే ముసలివాడై కన్నుమూశాడు. నేను ఎన్నో పుస్తకాలు చదివాను, రెండు రాశాను కూడా. అయినా నచ్చినదాన్ని ఒక్క ముక్కలో చెప్పగలిగిన మనిషి ఎదురైతే నాకు ఇప్పటికీ కడుపులో పాతమంటే. రెహానాను చూస్తే మరీ.

కానీ ఆ సత్వా రోజుల్లోదే ఒక సాయంత్రం కూడా ఉంది. రంజాను ముందర, దుకాణం నిండా పని. రెహానా వచ్చి కొత్త కోటు గురించి నాయనతో పోట్లాడుతూ పై అర చూసింది. "అది తియ్ మామా. అదే గావల్ల నాకు." నేను మూలన స్టూలు మీద పుస్తకంతో ఉన్నాను. తల ఎత్తలేదు.

"అది పాపది," అన్నాడు నాయన దారం కొరుకుతూ.

"వదిన కుట్టించుకోదు మామా. ఎన్నాళ్ళ నుంచో ఊరికే పడుండాది గదా."

"పడుండనీ."

ఆయన ఆమెకు కాదన్న మాట నేను విన్నది అదొక్కటే. మిషన్ మళ్ళీ మొదలైంది. రెహానా ఆ అరను చూసి, నన్ను చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. రెండేళ్ళుగా రోజూ దాన్ని నా కళ్ళ వెనక మోశాను, ఎట్లా మండుతుందో నాకు తెలుసు. పుస్తకంలో పేజీ తిప్పాను. ఏం చదివానో గుర్తులేదు గానీ, అంత హాయిగా నేను ఇంకే పేజీనీ తిప్పలేదు.